పురుగుల ఇంట్లోకి నేను చెప్పులతో వెళ్ళిన రోజు

పోయిన నెల మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు మదనపల్లెలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. చేతుల్లో నోటుపుస్తకాలు, ముఖాల్లో కంగారు. ఏ ఫారం ఎప్పుడు నింపాలి, పిల్లల సంక్షేమ కమిటీ ముందు ఎలా మాట్లాడాలి అని అడిగారు. ఫారాలన్నీ మర్చిపోయానమ్మా అన్నాను. నిజంగానే రిటైరైన మొదటి వారంలోనే మర్చిపోయాను, అందుకు నాకేం బాధ లేదు. పాపం, కాఫీ తాగి నిరాశగా వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళాక నాకు మనసు నిలవలేదు. చెప్పాల్సింది వేరే ఉంది. దాన్ని ఎలా అడగాలో వాళ్ళకింకా తెలియదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మా పనేమిటో తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. కన్నవాళ్ళు లేని పిల్లల్ని, ఉన్నా సాకలేని వాళ్ళ పిల్లల్ని హోముల్లో ఉంచకుండా ఏదో ఒక కుటుంబంలో పెట్టి పెంచడాన్ని కాగితాల మీద ఫోస్టర్ కేర్ అంటారు. ఇది దత్తత కాదు. బిడ్డ మీద హక్కు రాదు, బాధ్యత మాత్రం వస్తుంది. అలాంటి ఇల్లు వెతకడం, బిడ్డను అక్కడ చేర్చడం, తర్వాత నెలనెలా వెళ్ళి చూసి రావడం నా ఉద్యోగం. మదనపల్లెలో ఆఫీసు, పుంగనూరు మీదుగా కుప్పం దాకా తిరుగుడు. ఇందులో వచ్చే వాళ్ళందరి పేర్లూ మార్చాను. నా తప్పులు మాత్రం మార్చలేదు.

జీపు

చేరిన కొత్తలో నాకు జీపంటే మహా మోజు. తెల్ల జీపు, అద్దం మీద ఎర్రక్షరాలతో శాఖ పేరు. మా నాన్న మదనపల్లెలో పట్టుచీరలు నేసేవాడు. మా ఇంట్లో జీపెక్కిన మొదటి మనిషిని నేనే. స్కూలు ముందు జీపు ఆపించి, తిన్నగా తరగతి గుమ్మం దాకా వెళ్ళి, ఫలానా అమ్మాయిని బయటికి పంపించండి అనేదాన్ని. పిల్ల బాగుందా, తింటోందా, చదువుతోందా అని అక్కడే వరండాలో నిలబెట్టి అడిగేదాన్ని. కిటికీల్లోంచి నలభై తలలు చూస్తూ ఉండేవి. నేను పని చాలా శ్రద్ధగా చేస్తున్నాననుకునేదాన్ని.

మూడో నెలకు ఒక స్కూల్లో నేను అడిగిన అమ్మాయి కనబడలేదు. జీపు చప్పుడు వినగానే బాత్రూంలో దూరి గడియ పెట్టుకుంది. టీచరు బతిమాలినా రాలేదు. తలుపు బయట నిలబడి నేనూ బతిమాలాను, తర్వాత కోప్పడ్డాను కూడా. నాకు కోపం తొందరగా వస్తుంది, ఇప్పటికీ అంతే. చివరికి స్కూలు ఆయమ్మ చెప్పింది, తరగతిలో ఆ పిల్లను అందరూ 'జీపు పాప' అంటున్నారని.

అప్పట్లో మా ఆఫీసరు రెడ్డెప్ప సారు. కురబలకోట వైపు గొర్రెలు మేపుకునే ఇంటి నుంచి చదువుకుని పైకొచ్చిన మనిషి. నన్ను కూర్చోబెట్టి ఒకే ప్రశ్న వేశారు.

"ఏమ్మా, మీ పాప ఇస్కూలుకు నెలకొక తూరి పోలీసు జీపొస్తే, ఆ పిల్లోళ్ళు మీ పాపను ఏమనుకుంటారు?"

మర్నాటి నుంచి బస్సెక్కాను. స్కూలు వదిలాక, ఇంటికి వచ్చిన చుట్టంలా వెళ్ళి చూసేదాన్ని. ఆ బాత్రూం పాప నాతో మళ్ళీ నోరు విప్పడానికి నాలుగు నెలలు పట్టింది. రెడ్డెప్ప సారు ఆ రోజు నన్ను తిట్టి ఉంటే నేను రోషానికి పోయి నా దారిలోనే నడిచేదాన్ని. ఆయన తిట్టనందుకు నేను రుణపడి ఉన్నాను.

అప్పటి నుంచి నా కళ్ళు కొంచెం తెరుచుకున్నాయి. ఎవరో దాత వచ్చి వేదిక మీద 'అనాథ పిల్లలకు బ్యాగుల పంపిణీ' అని బ్యానరు కట్టి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, ఫోటో తీసి పంపిస్తే, మర్నాడు ఒకమ్మాయి ఆ బ్యాగును లోపలి గుడ్డ బయటికి తిప్పి భుజానికి వేసుకొచ్చింది. దాత పేరు, మా శాఖ పేరు రెండూ లోపలికి పోయాయి. టీచరు దాన్ని పొగరు అంది. ఎనిమిదేళ్ళ పిల్లకు పొగరేమిటి? తనను తాను దాచుకోవడానికి ఆ పిల్లకు దొరికిన ఒక్క దారి అది. ఇలాంటివి గుర్తుపట్టడం వచ్చిందని నేను చాలా గర్వపడ్డాను. ఆ గర్వమే నన్ను కుప్పంలో ముంచింది.

మానస

మానస కలకడ వైపు పిల్ల. తల్లి జ్వరంతో పోయింది, తండ్రి ఎటో వెళ్ళి తిరిగి రాలేదు. రెండేళ్ళు హోములో ఉంది. తొమ్మిదో ఏట కుప్పం దగ్గర ఒక పల్లెలో మునెమ్మ, గోవిందప్ప దంపతుల ఇంట్లో చేర్చాను. వాళ్ళకు పిల్లలు లేరు. రెండెకరాల మల్బరీ తోట, ఇంటి వెనక పట్టుపురుగులు మేపే షెడ్డు, రెండు ఆవులు, గోవిందప్ప తల్లి. ఆ పెద్దామెను ఊరంతా అవ్వ అనే పిలిచేది. పురుగుల విషయంలో ఆ చుట్టుపక్కల ఆమె మాటకు తిరుగులేదు. మానస విషయంలో మాత్రం ఆమె మొదటి నుంచీ ముభావంగానే ఉండేది.

మునెమ్మ నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. వచ్చే అమ్మాయి నల్లగా ఉంటుందా తెల్లగా ఉంటుందా అని కాదు, కులమేమిటని కాదు. "రాగి సంగటి తింటాదా మేడమ్? అన్నమే కావాలంటే దానికి సపరేటుగా వండుతా" అంది. ఈ ఇల్లు చాలు అనుకున్నాను.

మానస తన చెప్పులు మంచం పక్కనే పెట్టుకుని పడుకునేది. బ్యాగులో బట్టలు మడిచిపెట్టి, తీసి బీరువాలో పెట్టమంటే పెట్టేది కాదు. నేను వెళ్ళినప్పుడల్లా మొదట అదే అడిగేది, "మేడమ్, ఈడినుంచి మళ్ళా ఎప్పుడు పంపిస్తారు?" అని. మునెమ్మను 'అత్తా' అనేది. ఊళ్ళో వాళ్ళు మానసను 'హోం పిల్ల' అనేవాళ్ళు. 'మునెమ్మ తెచ్చుకున్న హోం పిల్ల పోతాండాది సూడు' అని పాల కేంద్రం దగ్గర క్యాన్లు దించుకుంటూ అనుకునేవాళ్ళు. వాళ్ళలో చెడు లేదు, అది గుర్తు కోసం అన్న మాట. కానీ ఆ మాట వినబడినప్పుడల్లా పిల్ల నడక మారడం నేను చూశాను. రోడ్డు మధ్యలో నడుస్తున్నది కాస్తా గోడవారకు జరిగేది.

అయినా అయిదు నెలల్లో కొంచెం కుదుటపడింది. బ్యాగులోంచి రెండు గౌన్లు బీరువాలోకి వచ్చాయి. ఆవులకు పేర్లు పెట్టింది.

ఆ రోజు

అది ముసురు పట్టిన కాలం. ఆ రోజు పొద్దున్నే పుంగనూరు దగ్గర మరో పల్లెలో ఇంకో కుటుంబాన్ని చూడటానికి వెళ్ళాను. వాళ్ళదీ పట్టుపురుగుల ఇల్లే. ఆ ఇంటాయన ఉత్సాహంగా షెడ్డులోకి తీసుకెళ్ళి చూపించాడు. పురుగులు మేపే తట్టల మధ్య తిరిగాను, ఆకు ఎత్తి చూశాను, పురుగును వేలితో తాకాను. పట్టు నేసే ఇంట్లో పుట్టినదాన్నని వెళ్ళిన ప్రతిచోటా చెప్పుకునేదాన్ని, పట్టు గురించి నాకు తెలియనిదేముందని నా ధీమా. నిజానికి నాకు తెలిసింది దారం ఒక్కటే. పురుగు గురించి ఓనమాలు తెలియవు.

అక్కడి నుంచి బస్సెక్కి, పలమనేరులో బస్సు మారి, మధ్యాహ్నానికి మునెమ్మ ఇంటికి చేరాను. ఇల్లంతా చూశాను. వంటిల్లు, పడక గది, బాత్రూం. పిల్ల ఉండే ఇంట్లో ప్రతి గదీ చూడాలన్నది మా పద్ధతి. చివరికి వెనక షెడ్డు దగ్గరికి వెళ్ళబోతే మునెమ్మ అడ్డంగా నిలబడింది.

"మేడమ్, ఆ ఇల్లొకటి ఇడ్సిపెట్టండి. నాలుగో జ్వరం లేసిండాయి పురుగులు. బయటోళ్ళను రానీము."

పురుగు తిండి మాని, కదలకుండా పడుకుని, పాత తోలు విడవడాన్ని అక్కడ జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటితే ఇక వారం రోజులు ఆకు ఆబగా తిని గూడు కడుతుంది. ఆ వారం ఇంటివాళ్ళు తప్ప ఎవ్వరూ లోపలికి వెళ్ళరు. చుట్టాలొచ్చినా వాకిట్లోనే కూర్చోబెట్టి పంపిస్తారు. దీన్ని ఎవరూ తప్పుపట్టరు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ క్షణంలో నాకు తోచింది ఒక్కటే: ఈమె ఏదో దాస్తోంది. పిల్లతో లోపల పని చేయిస్తున్నారేమో, ఆకు మోయిస్తున్నారేమో. మా ఉద్యోగంలో అనుమానం ఒక అలవాటైపోతుంది. అది కొన్నిసార్లు పిల్లల్ని కాపాడుతుంది, అందుకే దాన్ని మనం ప్రశ్నించుకోం.

"నేను చూడాల్సిందే మునెమ్మా. రూలు" అన్నాను.

మానస గుమ్మం పక్కన నిలబడి ఉంది. నిజం ఆమె ముఖంలో తెలుస్తుందని నేను ఆమె చెయ్యి పట్టుకుని, "రా, మనిద్దరం చూద్దాం" అని లోపలికి లాక్కెళ్ళాను. చెప్పులతోనే వెళ్ళాను. మానస తన చెప్పులు వాకిట్లోనే విడిచి వచ్చింది. ఆ పిల్ల ఆ షెడ్డులో అడుగుపెట్టడం అదే మొదటిసారి. కళ్ళింత చేసుకుని చూసింది. అప్పుడు నాకు అర్థమైంది, ఇక్కడ ఆమెతో ఎవరూ పని చేయించడం లేదని. నా అనుమానం తీరిపోయింది, సంతోషంగా మజ్జిగ తాగి బస్సెక్కాను. మునెమ్మ గుమ్మంలో నిలబడి ఒక్క మాట కూడా అనలేదు. పక్కింటి మిద్దె మీద బట్టలు ఆరేస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు మాత్రం మేము లోపలికి వెళ్ళడం, రావడం చూశారు.

కాళ్ళు కడుక్కునే పిల్ల

వారం తిరక్కముందే ఆ పురుగులకు రోగం తగిలింది. చచ్చిన పురుగు తెల్లబడి సుద్దముక్కలాగా గట్టిపడిపోతుంది. తట్టలకు తట్టలు ఎత్తి గుంతలో పూడ్చారు. పంటంతా పోయింది.

ఆ సంగతి నేను మళ్ళీ నెలకు వెళ్ళినప్పుడు తెలిసింది. మానస బయట తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటోంది. నేను వచ్చి కూర్చున్నాను, నీళ్ళు తాగాను, ఇంకా కడుక్కుంటూనే ఉంది. మడమలు నాని తెల్లగా పగిలి ఉన్నాయి. పిలిస్తే వచ్చి గుమ్మం బయట నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

మునెమ్మ చెప్పింది. ఊళ్ళో మాట పుట్టింది. అయిదు నెలలుగా ఏ తేడా లేని పంట, హోం పిల్ల షెడ్డులో కాలు పెట్టిన వారానికే పోయింది. మొదట తల్లిని మింగింది, తర్వాత తండ్రిని తరిమింది, ఇప్పుడు మునెమ్మ పురుగుల్ని తినింది. ఆ మాట స్కూలుకు పోయింది. అక్కడ పిల్లలు ఆమె తొక్కిన చోట తొక్కకుండా ఎగిరి దాటి ఆట ఆడుకున్నారు. పక్కింట్లో పురుగులున్నాయి కాబట్టి ఆ ఇంటివాళ్ళు మానసను తమ వాకిలి ముందు నుంచి నడవొద్దన్నారు. అవ్వ కొడుకుతో తేల్చి చెప్పేసింది, ఆ పిల్ల ఉంటే తాను ఈ ఇంట్లో అన్నం ముట్టనని. తన తమ్ముడింటికి వెళ్ళి తినొస్తోంది.

"అది నమ్మేసిండాది మేడమ్" అంది మునెమ్మ. "నేను ఎంత సెప్పినా ఇనేట్టు లేదు. తన కాళ్ళే కారణమంట."

ఇదొక్కటి కొత్తగా చేరిన అమ్మాయిలు బాగా గుర్తుపెట్టుకోవాలి. ఊరు వేసిన నింద పిల్లకు కోపం తెప్పిస్తే అది ఇంకా మంచి రోజే. కోపం ఉన్న పిల్ల ఎదురు తిరుగుతుంది, అలుగుతుంది, మనం మాట్లాడొచ్చు. ఆ నిందను పిల్ల నిజమని ఒప్పుకున్న రోజు నుంచీ మనకు పని కష్టం. మానసకు ఎవరి మీదా కోపం లేదు. అవ్వను చూస్తే భయంతో పాటు జాలి కూడా, తన వల్ల పెద్దామెకు తిండి లేకుండా పోయిందని.

నేనేం చేశాను? ఊళ్ళో నలుగురినీ పోగేసి మూఢనమ్మకాల మీద ఉపన్యాసం ఇచ్చాను. అందరూ మర్యాదగా విన్నారు. టీ కూడా ఇప్పించారు. ఒక్కరూ మారలేదు.

తిరిగి వస్తూ పుంగనూరులో దిగాను. అప్పుడు షెడ్డు చూపించిన ఇంటాయన దిగులుగా కూర్చున్నాడు. "మాకూ పోయె మేడమ్. మీరొచ్చిన దినం పొద్దున్నే నాలుగైదు పురుగులు తెల్లబారిండె. ఊరికే అనుకుంటి. మీకు సెప్పలా" అన్నాడు. ఈ రోగం ఎట్లా అంటుకుంటుంది అని అడిగాను. మనుషుల చేతులకు, కాళ్ళకు, బట్టలకు అంటుకుని పోతుందట. అందుకే ఒకరి షెడ్డులో నుంచి ఇంకొకరి షెడ్డులోకి ఎవరూ వెళ్ళరట.

నా చెప్పుల వంక చూసుకున్నాను. అవే చెప్పులు.

మూడు వారాలు

ఇప్పుడు రాయడానికి సిగ్గుపడే భాగం. నేను మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. నాలో నేనే వాదించుకున్నాను. వానలకు కూడా రోగం రావచ్చు కదా, గ్యారంటీగా నా వల్లేనని ఎవరు చెప్పగలరు, చెప్తే రేపు ఏ ఇల్లు మనల్ని లోపలికి రానిస్తుంది, శాఖ పరువేం కావాలి. శాఖ పరువు అన్నది ఉత్త సాకు. నాకు భయం వేసింది, అంతే.

మూడో వారంలో గోవిందప్ప ఫోను చేశాడు. మంచి మనిషి. "మేడమ్, వచ్చే కమిటీలో పాపను ఎనక్కి తీసుకోమని సెప్పేస్తాము. మునెమ్మకు ఇష్టం లేదు. మా అమ్మ డెబ్బై ఏండ్ల మనిషి, ఇంట్లో అన్నం మానేసిండాది. నేనేం సేసేది?" అన్నాడు. కమిటీ ఇంకా పది రోజులుంది.

రెడ్డెప్ప సారు అప్పటికే రిటైరై ఇంట్లో ఉన్నారు. వెళ్ళి అంతా చెప్పాను. చెప్పులు, చెయ్యి పట్టుకుని లాగడం, మూడు వారాలు, అన్నీ. ఈసారి ఆయన తిట్టారు.

"మూడు వారాలు నోట్లో ఏం పెట్టుకోనుండావు? ఆ బిడ్డ మోస్తాండేది నీ బరువు. పోయి దించుకో."

"రేపే వెళ్ళి మానసకు చెప్తాను సార్."

"ఆ పిల్లకొక్కదానికే సెప్తే ఏం లాభం? మాట యాడ పుట్టిందో ఆడ పోయి సెప్పు. పాల కేంద్రం కాడ సెప్పు."

పాల కేంద్రం

మర్నాడు తెల్లవారుజామునే బయల్దేరాను. పొద్దుటి పాలు పోసే వేళకు కేంద్రం దగ్గర పాతికమంది ఉన్నారు. మునెమ్మ ఉంది, అవ్వ కూడా ఉంది. మానస ఎప్పట్లాగే దూరంగా, రోడ్డవతల ఖాళీ క్యాను పట్టుకుని నిలబడి ఉంది. నేను మెట్టెక్కి చెప్పడం మొదలుపెట్టాను. రోగం తెచ్చింది మానస కాదు, రావద్దన్నా షెడ్డులోకి దూరిన నేను, నా చెప్పులు అన్నాను.

చెప్పడం అయిపోయింది. తర్వాత ఒకామె చాలా ప్రేమగా, "మేడమ్ శానా మంచోళ్ళు. బిడ్డ కోసరం తన మింద ఏసుకుంటాండారు" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునని తలలూపారు. నేను దీనికి సిద్ధపడి రాలేదు. తిడతారనుకున్నాను, ఫిర్యాదు చేస్తారనుకున్నాను. నమ్మకపోవడం ఒకటుంటుందని ఊహించలేదు. ఆఫీసరమ్మ తప్పు చేయదు, హోం పిల్ల చేస్తుంది. ఊరి లెక్కలో అది మారేటట్టు లేదు.

అప్పుడు అవ్వ పాల క్యాను కింద పెట్టింది.

"ఏమ్మా, ఆ దినం పొద్దున యాడ ఉండావు?"

"పుంగనూరు దగ్గర, అవ్వా."

"ఆడ పురుగులింట్లోకి పోయింటివా?"

"పోయాను."

"పురుగు ముట్టుకుంటివా?"

"వేలితో తాకాను."

"ఆడ పురుగు తెల్లబారిండెనా?"

"నాలుగైదు తెల్లబడ్డాయట. నాకు తర్వాత చెప్పారు."

"కాళ్ళు కడిగితివా? చెప్పులు మార్చితివా? మా ఇంట్లోకి అవే చెప్పులతో వచ్చితివా?"

"అవే చెప్పులు."

"బిడ్డ కాలికి చెప్పులుండెనా?"

"లేవు. వాకిట్లో విడిచి వచ్చింది."

అవ్వ ఇంకేం అడగలేదు. గొంతు పెంచి, ఆ పాతికమందీ వినేటట్టు నన్ను కడిగిపారేసింది. సదువుకున్నదానివి, బుద్ధి ఉండబళ్ళేదా, కోడలు రావద్దంటే ఇనకుండా దూరిపోతివే, నాలుగో జ్వరం లేసిన ఇంట్లోకి చెప్పులతో పోతారా ఎవురన్నా, నీ ఇంట్లో మగ్గం మీదికి నేను చెప్పులతో ఎక్కితే ఊరుకుంటావా. నువ్వు, నీ అని పిలుస్తూ, ఊపిరి తిప్పుకోకుండా తిట్టింది. జీవితంలో నన్ను అంతమంది ముందు ఎవరూ అలా తిట్టలేదు. నేను మెట్టు మీద నిలబడి ఒక్కో తిట్టునూ తీసుకున్నాను. నా మీద పడిన ప్రతి మాటా రోడ్డవతల ఉన్న ఆ పిల్ల మీద నుంచి దిగిపోతున్నట్టే అనిపించింది. ఆ తిట్లకు నేను ఈ రోజుకీ ఆ ముసలమ్మకు మొక్కుతాను.

ఆమెకు మానస మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకు రాలేదు. ఆమెకు పురుగు తెలుసు, అంతే. లెక్క ఎక్కడ తప్పిందో దొరికింది, ఒప్పుకుంది. ఆ మధ్యాహ్నం ఇంట్లో అన్నం తినింది. మానసను పిలిచి చెంబుతో నీళ్ళు తెమ్మంది. గోవిందప్ప ఆ తర్వాత కమిటీలో పాప మా ఇంట్లోనే ఉంటుందని చెప్పాడు.

చాకీ తట్ట

కథ ఇక్కడ అయిపోయిందని నేనూ అనుకున్నాను. పిల్ల మాత్రం కాళ్ళు కడుక్కోవడం మానలేదు. ఊరు మాట మార్చుకుంది, ఆ పిల్ల మనసు మార్చుకోలేదు. నేనే తప్పు చేశానని ఎదుట కూర్చుని చెప్పినా తలూపింది గానీ గుమ్మం దాటేటప్పుడు ఆగి ఆగి దాటేది. నాకు చేతనైనవన్నీ అయిపోయాయి.

అప్పుడు మునెమ్మ ఫోను చేసింది. కొత్త పంటకు చాకీ పురుగులు వస్తున్నాయి, అంటే ఇంకా వెంట్రుకంత ఉండే పిల్ల పురుగులు. మొదటి తట్ట షెడ్డులోకి మానస చేత పెట్టిస్తానంది.

"వద్దు మునెమ్మా. ఈసారి కూడా పంట పోతే ఇక ఆ పిల్లను ఎవరూ కాపాడలేరు. ఒక పంట ఆగు."

"పోతే పోనీ మేడమ్. పోయినసారి పురుగు పోయిండాది, బిడ్డ పోలేదు కదా. పురుగు మళ్ళా తెచ్చుకుంటాము. ఇట్లనే వాకిట్లో నిలబడిపోతే బిడ్డను యాడ్నుంచి తెచ్చుకునేది?"

నా జవాబు కోసం ఆగలేదు. నన్ను వచ్చి చూడమంది. వెళ్ళాను. "మీరు ఆ ఆవుల పాక కాడనే నిలబడండి మేడమ్, దగ్గరికి రావద్దండి" అని ముందే చెప్పింది. నిలబడ్డాను. అవ్వ షెడ్డు గుమ్మం పక్కన కూర్చుని ఉంది. మునెమ్మ ఒక తట్ట పట్టుకుంది, ఇంకోటి మానస చేతిలో పెట్టింది. మానస గుమ్మం ముందు ఆగిపోయింది.

"నేను రాను అత్తా. నువ్వు పెట్టెయ్."

"నువ్వు రాకుంటే నేనూ పోను. పురుగులు ఈడనే పస్తుంటాయి."

ఇద్దరూ తట్టలతో నిలబడ్డారు. ఎంతసేపో చెప్పలేను, నాకైతే చాలాసేపు. పిల్ల కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. చివరికి అవ్వ విసుక్కుంది. "పాపా, ఆకు వాడిపోతాంది. పో లోపలికి." మానస కాలు ఎత్తి లోపల పెట్టింది. నేను పాక గుంజను పట్టుకుని ఏడ్చాను. ఉద్యోగంలో ఏడవకూడదని మాకు శిక్షణలో చెప్పారు. చెప్పినవాళ్ళు ఆ గుమ్మం చూడలేదు.

ఆ పంట బాగా పండింది. ఊళ్ళో ఎవరో మునెమ్మతో, "నీ పిల్ల కాలు మంచిదే మే" అన్నారట. మునెమ్మ ఊరుకోలేదట. "కాలు కాలే. దానికి మంచీ లేదు, సెడ్డా లేదు" అందట. నేనైతే ఆ మెచ్చుకోలును సంతోషంగా తీసుకుని ఉండేదాన్ని. ఈ రోజు మంచి కాలు అన్నవాళ్ళు రేపు పంట పోతే ఏమంటారో ఏడో తరగతి చదివిన మునెమ్మకు తెలుసు, ఎంఏ చదివిన నాకు తట్టలేదు.

తొట్టి

కొత్తగా వచ్చే అమ్మాయిలకు నేను చెప్పగలిగింది ఇంతే. మీ జీపు, మీ బ్యాడ్జి, మీ అనుమానం, మీ చెప్పులు, వీటిలో ఏది బిడ్డ నెత్తిన పడుతుందో చూసుకోండి. తప్పు చేస్తారు, తప్పదు. చేసినప్పుడు మాట పుట్టిన చోటికే వెళ్ళి చెప్పండి, నాలాగా మూడు వారాలు తీసుకోకండి. మన కన్నా సాకే తల్లులకు ఎక్కువ తెలుసు. నాకు ఈ ఉద్యోగం నేర్పింది ఎవరని అడిగితే నేను ఒక ఆఫీసరు పేరు, ఇద్దరు పల్లె ఆడవాళ్ళ పేర్లు చెప్తాను.

రిటైరైన నెలకు మునెమ్మ వాళ్ళను చూడాలనిపించి కుప్పం వెళ్ళాను. ఈసారి చూసి రాసుకునేదేమీ లేదు, ఉత్త చుట్టంగా వెళ్ళాను. అవ్వ కాలం చేసి రెండేళ్ళయింది. మానస ఇంటరు చదువుతోంది, సన్నగా పొడుగ్గా అయింది. పోయిన పంట పోయిందని మాటల్లో చెప్పింది. ముసురు వదల్లేదట, షెడ్డులో చెమ్మ ఆరలేదట, ఆకు తడిగా వేశారట. ఏ వారంలో ఏం తప్పు జరిగిందో అచ్చం అవ్వలాగా లెక్క వేసి చెప్పింది. నేను వింటూ ఆమె కాళ్ళ వైపు చూశాను. మడమలకు మల్బరీ తోట మట్టి ఎండి అంటుకుని ఉంది. కడుక్కోవాలన్న ధ్యాసే లేదు.

"ఈసారి మీరు కూడా రాలేదు మేడమ్, మీ మీద ఏసేదానికి కూడా లేకపోయె" అంది నవ్వుతూ. మునెమ్మ లోపల్నుంచి కసిరింది. "ఊరుకో అమ్మా, నిజమే కదా" అంది మానస. అత్తా అనడం ఎప్పుడు మానేసిందో నాకు తెలియదు, నేను అడగలేదు.

ఇప్పుడు కొత్త పంట నడుస్తోందట. చూస్తారా అని తనే అడిగింది. నేను లేచి వెనక్కి నడిచాను. షెడ్డు గుమ్మంలో మానస చెయ్యి అడ్డం పెట్టింది. పక్కన సిమెంటు తొట్టిలో బ్లీచింగ్ నీళ్ళు ఉన్నాయి.

"ఎవురైనా అంతే మేడమ్. చెప్పులు ఆడ ఇడ్సి, కాళ్ళు ముంచి రండి."

మా ఇంట్లోకి ఎవరు రావాలో మేము చెప్తాం అన్నట్టుంది ఆ గొంతు. నేను చెప్పులు విడిచి, చీర కొంచెం ఎత్తి పట్టుకుని, రెండు కాళ్ళూ ఆ తొట్టిలో పెట్టాను. చాలని ఆమె చెప్పిందాకా అలాగే నిలబడ్డాను.